మిరపచేలో మా లాంచీ

మొన్నామధ్య భద్రాచలంలో మా ఆడబిడ్డ మనవరాలి ఓణీల వేడుక చూసుకుని ఖమ్మానికి తిరిగి వస్తుంటే, కారు గోదావరి వంతెన ఎక్కిందో లేదో, డ్రైవరు ముందు తగిలించుకున్న ఫోనులోని నీలం బాణం వంతెనను వదిలేసి ఎడమ పక్కకు జరిగి నీళ్లలోకి దిగిపోయింది. "అమ్మా, మనం గోదాట్ల మునిగినం," అని ఆ డ్రైవరు నవ్వాడు. కారులో ఉన్న మిగతావాళ్లు కూడా ఒక చిన్న నవ్వు నవ్వి ఊరుకున్నారు గాని, నాకు మాత్రం నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బూర్గంపాడు దాటేదాకా నవ్వుతూనే ఉంటే, మా కోడలు బీపీ మాత్ర వేసుకున్నారా లేదా అని అడిగింది. ఆ పిల్లకు ఏమని చెప్పను? ఈ వంతెన కిందనే, తొంభైల నడుమ, నేను ఒక లాంచీని పట్టపగలు మిరపచేలో నడిపించినదాన్ని అని చెబితే ఇంకో మాత్ర తెచ్చేది.

కంప్యూటరు అనే వస్తువును మొదటిసారి చూసినప్పుడు చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలోకి భయంభయంగా అడుగుపెట్టిన తరం మనది. కాబట్టి మీకు చెప్పుకుంటాను, మీరు నమ్ముతారు.

మాది బోనకల్ దగ్గర పల్లె. మణుగూరులో గని కాలనీల పక్కన మా మేనమామకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. పదో తరగతి అయ్యాక సెలవులకని వెళ్లి, ఆయన చేతిలోని టంకం కడ్డీ మీద మనసుపడి, ఇంటికి రానని మొండికేసి, చివరికి ఐటీఐలో రేడియో మెకానిక్ కోర్సు చదివినదాన్ని. క్లాసులో ఆడపిల్లను నేనొక్కతెనే. ఆ చదువు పుణ్యాన, పెళ్లయి భద్రాచలం వచ్చాక, గోదావరిని కొలిచే ఒక ఆఫీసులో పరికరాల మెకానిక్‌గా తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. నదిని కొలవడమేమిటంటారేమో. ఏటా వరద తీసిపోయాక గోదావరి తన ఇష్టం వచ్చినచోట ఇసుక పోస్తుంది, ఇష్టం వచ్చినచోట తవ్వుతుంది. పోయినేడు పడవ నడిచిన దారిలో ఈయేడు గేదెలు నడుస్తాయి. ఎక్కడ ఎంత లోతుందో లాంచీలో తిరిగి కొలిచి, పటం గీసి పైకి పంపడం ఆ ఆఫీసు పని. ఆ లాంచీలో లోతు చెప్పే మీటరు ఒకటి, నీటి అడుగున తిరుగుతూ వేగం చెప్పే చిన్న చక్రం ఒకటి, దిక్కు చూపే సూది పెట్టె ఒకటి ఉండేవి. అన్నీ డెబ్బైల మొదట్లో ఏదో ఓడల దేశం నుంచి దిగినవే. వయసులో నాకంటే కొంచెమే చిన్నవి, తిక్కలో మాత్రం నాకంటే చాలా పెద్దవి.

నిజం చెప్పాలంటే ఆ పరికరాలను నేను తప్ప ఎవరూ పట్టించుకునేవారు కాదు. లాంచీని నడిపేది సరంగు తాత. ముప్పై ఏళ్లుగా ఆ చక్రం పట్టుకున్న మనిషి. లోతు తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఒక వెదురు గడ ఉండేది, మనిషికి మూడింతల పొడవు, చేయి పట్టే మేర అరిగి అద్దంలా మెరిసేది. దాన్ని నీళ్లలో దించి, నేల తగిలిన తీరునుబట్టి అడుగున ఇసుకో, బండో, బురదో కూడా చెప్పేవాడు. ఇంటిదగ్గర నన్ను "అమ్మాయి" అనేవారు, ఆఫీసులో "ఏమ్మా" అనేవారు. "బిడ్డా" అని పిలిచింది ఆ తాత ఒక్కడే.

ఒకరోజు మా అసిస్టెంటు ఇంజనీరు ఏఈ గారు అందరినీ లాంచీ మీద కూర్చోబెట్టి, పైనుంచి కాగితం వచ్చిందని చెప్పారు. లాంచీకి కంప్యూటరు పెడతారట. అందులో నది పటం ఉంటుందట, ఆ పటం మీద మన లాంచీ ఎక్కడుందో చుక్కలా కనిపిస్తుందట, ఉపగ్రహాలు చెబుతాయట. పాత పరికరాలను కూడా దానికే కలపాలట. ఇది కుదిరితే సరే, కుదరకపోతే లాంచీని తుక్కు కింద తీసేసి, మనుషులను తలో దిక్కుకు పంపేస్తారట. చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా తగ్గింది. సరంగు తాతకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. నాది తాత్కాలికం కాబట్టి పంపడానికి దిక్కు కూడా లేదు, నేరుగా ఇంటికే.

"మీలో కంప్యూటర్ ఎవరికొచ్చు?" అన్నారాయన.

నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ తెలియదు. కొత్తగూడెంలో ఒక నెల టైపు క్లాసుకు వెళ్లినప్పుడు, పక్కగదిలో కంప్యూటరు మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డను చూశాను. కంప్యూటరుతో నాకున్న పరిచయం ఆ గుడ్డ వరకే.

పదిహేను రోజుల తరువాత మూడు అట్టపెట్టెలు దిగాయి. ఒకదానిలో కంప్యూటరు, ఒకదానిలో ఉపగ్రహాల సంకేతం పట్టే పుట్టగొడుగు లాంటి తెల్లటి బుడిపె, మూడోదానిలో ఇటుకంత నల్లపెట్టె. ఆ నల్లపెట్టెదే అసలు పని. పాత పరికరాల తీగలన్నీ దాని ఒక చెవిలోకి వెళతాయి, వాటి గొణుగుడును అది కంప్యూటరుకు అర్థమయ్యే మాటల్లోకి మార్చి రెండో పక్కనుంచి పంపుతుంది. ఒక విధంగా దుబాసీ అన్నమాట. దాన్ని ఇంటర్‌ఫేస్ అంటారని ఏఈ గారు చెబితే, సరంగు తాత "ఇంటర్ పాసా?" అని అడిగి, ఆనాటినుంచి దానికి ఇంటర్‌పాసు పెట్టె అని పేరు ఖాయం చేశాడు. "నేను మూడు ఫేలు, గిది ఇంటర్ పాసు. గౌరవం ఇయ్యాలె," అని దాని పక్కన చుట్ట కాల్చడం మానేశాడు.

కంప్యూటరు తెర లాంచీ కుదుపుకు పడిపోకుండా కొబ్బరితాడుతో బల్లకు కట్టాం. మా అత్తమ్మ చూడ్డానికి వచ్చి, అంత విలువైన వస్తువును దూడను కట్టినట్టు కట్టారేమే అని నొచ్చుకుని, దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు దానికి వేలాడదీసి వెళ్లింది. నేను పుస్తకం ముందు వేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని తీగలు కలిపాను. ఆ పుస్తకం సముద్రంలో తిరిగే దొరల కోసం రాసింది. ప్రతి పేజీలోనూ ఆటుపోట్ల గురించి ఉండేది. ఏ కష్టం వచ్చినా మీ దగ్గరలోని దుకాణదారును సంప్రదించండి అని రాసి ఉండేది. మా దగ్గరలో ఉన్న దుకాణదారు సారపాకలో టైర్లకు పంక్చర్లు వేసేవాడు.

మొదటిరోజు స్విచ్చు వేయగానే తెర మీద అక్షరాలు వానలా కురిశాయి. చదవబోతే ఏ భాషా కాదు. చుక్కలు, ఇంగ్లీషులో ఎక్కడా లేని కొమ్ముల అక్షరాలు, నవ్వుమొహాలు. మూడు రోజులు ఆ నవ్వుమొహాలు నన్ను చూసి నవ్వాయి. ఏఈ గారు రోజూ వచ్చి, "ఏమ్మా, ఏమంటోంది?" అని అడిగేవారు. "సెట్టింగ్ చేస్తున్నాను సార్," అనేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, మా మేనమామ రేడియో దుకాణంలో చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. గరగర వచ్చిందంటే రేడియో చెడిందని కాదే, నువ్వు వినే చోటు తప్పని అనేవాడు. చూస్తే, పెట్టె నిదానంగా చెబుతుంటే కంప్యూటరు గబగబా వింటోంది. ఇద్దరి వేగమూ ఒకటి చేసి, తారుమారైన రెండు తీగలు మార్చి కలపగానే, వాన ఆగి, శుభ్రమైన వరుసలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ప్రతి వరుసకూ మొదట డాలరు గుర్తు. ఏఈ గారికి ఆ డాలర్లు చూసి ఎంత సంబరమో, ఆఫీసులో అందరినీ పిలిచి చూపించారు.

ఆ సంబరం పటం తెరిచేదాకానే. రేవులో కట్టేసి ఉన్న మా లాంచీ, పటం మీద గట్టు దాటి అవతల మిరపచేలో ఉంది. పోనీ అక్కడైనా కుదురుగా ఉందా అంటే లేదు. చూస్తుండగానే మెల్లగా కదిలి, చేను దాటి, బజారు వైపు కొంతదూరం వెళ్లి, కాసేపు నిలబడి, మళ్లీ చేలోకి వచ్చేది. "చాయ్ తాగ పోయొచ్చినట్టున్నది," అన్నాడు సరంగు తాత. ఆ రోజుల్లో ఉపగ్రహాల లెక్కను మామూలు జనానికి కావాలనే కొంచెం తప్పు కలిపి పంపేవారని, మన పాత పటాల కొలతలకూ ఉపగ్రహాల కొలతలకూ పొత్తు కుదరదని తరువాత ఎప్పుడో తెలిసింది గాని, అప్పటికి నాకు తెలిసింది ఒకటే, ఆ మిరపచేను రైతు చూస్తే ఊరుకోడని. వారం రోజులు ఆ చుక్కను గమనించి, అది తిరిగే మేరకు నడుమ ఎక్కడో లెక్కగట్టి, పటాన్నే పక్కకు జరిపి లాంచీని నీళ్లలోకి దించాను. చాయ్‌కి పోవడం మానలేదు గాని, చేను మాత్రం దిగింది.

ఇక దిక్సూచి. పొద్దున్నే బాగుండేది. సరిగ్గా ప్రాంతీయ వార్తల వేళకు లాంచీ ఉన్నట్టుండి ఉత్తరానికి తిరిగినట్టు చూపించేది, వార్తలు అయిపోగానే మళ్లీ తూర్పుకు వచ్చేది. రెండు రోజులు తీగలన్నీ విప్పి కట్టాను. మూడో రోజు తల తిప్పి చూస్తే, సరంగు తాత తన ట్రాన్సిస్టరును తెచ్చి, వార్తలు బాగా వినపడతాయని, దిక్సూచి పెట్టె మీదనే ఆనించి కూర్చున్నాడు. దాని స్పీకరులో ఉన్న అయస్కాంతానికి మా సూది తలొగ్గుతోంది. రేడియోను దూరంగా పెట్టమంటే, "ముప్పై ఏండ్ల సంది వార్తలు ఈడనే ఇంటున్న. దిక్కు తెల్వనిది నాకా, దానికా?" అని అలిగి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక్క లోతు మీటరే ఏ పేచీ పెట్టకుండా అంకెలు చెప్పింది. అసలు అనుమానించవలసింది దాన్నే. రేవులో పన్నెండు అని చూపింది. కంప్యూటరు ఆ పన్నెండు పక్కన మీటర్లు అని తానే రాసుకుంది. సరంగు తాత వంగి చూసి, "పన్నెండు మీటర్లేంది బిడ్డా? ఈడ రెండు బారలకు మించదు," అన్నాడు. బార అంటే రెండు చేతులూ చాపినంత. ఏఈ గారు నవ్వి, బారలు, జానలు కంప్యూటరుకు తెలియవు తాతా అన్నారు. నేనూ నవ్వాను. గడ దించి ఒక్కసారి సరిచూసుకుంటే అయిపోయేది. కాని ఇంత తిప్పలు పడి ఉపగ్రహాలదాకా వెళ్లినదాన్ని, వెదురు కర్రతో సరిచూసుకోవడమేమిటని నాకు చిన్నతనమనిపించింది. చదువుకున్నామనే గర్వం ఎంత చిన్న చదువుకైనా వస్తుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు గారు వచ్చారు. తెల్లటి చొక్కా, ఇస్త్రీ మడత నలగని పాంటు, నెత్తిన టోపీ, మాట తక్కువ మనిషి. ఆయనకు గడ కనిపిస్తే, ఇన్ని పరికరాలుండగా ఇదెందుకని అడుగుతారని, ఏఈ గారు దాన్ని పొద్దున్నే లాంచీ అంచువెంట పడుకోబెట్టి టార్పాలిన్ కప్పించారు. లాంచీ కూనవరం వైపు బయలుదేరింది. తెర మీద చుక్క బుద్ధిగా నీళ్లలోనే నడిచింది, దిక్సూచి బుద్ధిగా దిక్కు చూపింది, రేడియో వంటగదిలో ఉంది. పెద్దాఫీసరు రెండుసార్లు "గుడ్" అన్నారు. ఆ రెండు మాటలకే నా మనసులో పర్మినెంటు ఉత్తర్వు టైపయిపోయింది.

ఒకచోట నది వెడల్పయింది. సరంగు తాత చక్రాన్ని ఎడమగట్టు వైపు తిప్పబోయాడు. అటువెళితే చుట్టూ తిరిగి పోవాలి. తెర మీద చూస్తే తిన్నగా పోతున్నంతసేపూ లాంచీ కింద ఐదు మీటర్లు, నాలుగున్నర మీటర్లు. చుట్టు తిరగడమెందుకని పెద్దాఫీసరు అడిగారు. తిన్నగా పోనిమ్మని ఏఈ గారు అన్నారు.

"సారు, ఈడ దిబ్బ ఉన్నది. ఒక్కసారి గడ ఏసి చూస్త," అన్నాడు తాత.

ఏఈ గారు పెద్దాయన వెనకనుంచి చెయ్యి ఊపుతూ వద్దని సైగ చేశారు. అప్పుడు తాత నా వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లు ఆ నీళ్ల మీద బతికిన మనిషి, మూడు ఫేలయ్యానని తనను తానే ఎగతాళి చేసుకునే మనిషి, నా మొహంలోకి చూసి, "నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నాడు.

నేను మనసులోని ఆ పర్మినెంటు ఉత్తర్వునే చూస్తూ, "కంప్యూటర్ కరెక్టే తాతా," అన్నాను.

తాత చక్రం తిన్నగా చేశాడు. మూడు నిమిషాలు కూడా కాలేదు, కింద నుంచి బస్తా ఈడ్చినట్టు ఒక చప్పుడు, లాంచీ ముక్కు కొంచెం పైకి లేచి, ఆగిపోయింది. ఇంజను ఎంత వెనక్కు తిప్పినా బురదనీళ్లు తప్ప లాంచీ కదల్లేదు. పెద్దాఫీసరు తెర వైపు చూశారు. తెర మీద ఇంకా మూడు మీటర్ల నీళ్లున్నాయి.

ఆయన బూట్లు విప్పి, పాంటు మడిచి, పక్కనున్న నిచ్చెన మీదుగా నీళ్లలోకి దిగారు. మూడు మీటర్ల నీళ్లలో మునగవలసిన మనిషి, తొడలదాకా తడిసి నిలబడ్డారు. నేను ఒకసారి ఆయన తొడలు చూశాను, ఒకసారి తెర చూశాను, మూడు, తొడలు, మూడు. రేవులో పన్నెండు. తాత చెప్పిన రెండు బారలు. బారకు ఆరడుగులు. తలలో ఒక్కసారిగా దీపం వెలిగింది. మీటరు అబద్ధమాడలేదు. అది చెబుతున్నవి మీటర్లు కావు. దాని వెనక ఉన్న మీట పక్కన ఇరవై ఏళ్ల కింద రాసిన అక్షరాలు అరిగిపోయి, అది ఏ కొలతలో చెబుతోందో ఎవరికీ తెలియకుండా పోయింది, అంతే.

నేను అంచుకు పరుగెత్తి, "అడుగులు సార్! అడుగులు!" అని గట్టిగా అరిచాను.

ఆయన నా వైపు చూసి, నేను వేయమంటున్నానేమోనని ఒక అడుగు ముందుకు వేశారు.

"అది కాదు సార్, అడుగులు! అడుగులు!" అని ఇంకా గట్టిగా అరిచాను. ఆయన ఇంకో రెండడుగులు వేశారు. మూడోది దిబ్బ అంచు. ఇస్త్రీ చొక్కాతో సహా మెడదాకా మునిగి, టోపీ నీటి మీద తేలుతూ పోయింది.

ఇంజను డ్రైవరూ తాతా కలిసి ఆయన్ని పైకి లాగారు. ఏఈ గారి మొహం చూస్తే ఆయనే మునిగినట్టుంది. అప్పుడు లాంచీని నెట్టడానికి గడ అవసరమై తాత టార్పాలిన్ లాగేశాడు. "ఏమిటది?" అన్నారు పెద్దాఫీసరు నీళ్లు కారుతూ. "జెండా కర్ర సార్," అన్నారు ఏఈ గారు. "కాదు సారు, గడ. లోతు చూసేది," అన్నాడు తాత.

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. ఆ తడిసిన మనిషి ముందు నిలబడి, నాకు కంప్యూటరు రాదని, గుడ్డ తప్ప ఏమీ చూడకుండా చెయ్యెత్తానని, పుస్తకం చదివి చదివి కలిపానని, లోతును సరిచూడకపోవడం నా తప్పేనని, తాత వద్దన్నా నేనే సరేనన్నానని, ఏడుస్తూ చెప్పేశాను. ఆయన కొంగు పిండుకున్నట్టు చొక్కా పిండుకుంటూ అంతా విని, "రాకుండానే ఇదంతా కలిపావా?" అని ఒక్క మాట అడిగారు. అది తిట్టో మెప్పో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

ఈలోగా గట్టు మీద ఉన్న కోయగూడెం నుంచి పదిమంది ఆడా మగా వచ్చారు, ఒక చిన్న దోనె, రెండు మోకులు తెచ్చారు. అందులో ఒక పెద్దామె లాంచీని, మమ్మల్ని, తాడుతో కట్టిన తెరను, దానికి వేలాడుతున్న నిమ్మకాయను పరకాయించి చూసి, తన భాషలో ఏదో అనగానే అందరూ పడీపడీ నవ్వారు. ఏమందని పెద్దాఫీసరు అడిగితే తాత కాసేపు నసిగి, "మా బర్రెలు దాటే తోవల పెద్ద పడవ ఎందుకు తెచ్చిండ్రు, తప్పిపోయిండ్రా అంటున్నది సారు," అన్నాడు. పెద్దాఫీసరు మొదటిసారి నవ్వారు. ఆ నవ్వుకు ఏఈ గారికి పోయిన ప్రాణం వచ్చింది. గూడెం వాళ్లు ఒకపక్క లాగి, మేము ఒకపక్క గడతో ఎత్తి, ఎండ నడినెత్తికొచ్చేసరికి లాంచీని నీళ్లలోకి దించాం. అత్తమ్మ కట్టిచ్చిన పులిహోర, గోంగూర పచ్చడి ఇసుకదిబ్బ మీదనే అందరం పంచుకుని తిన్నాం. పెద్దాఫీసరు మా ఇంజను డ్రైవరు లుంగీ కట్టుకుని, రెండోసారి అడిగి మరీ పచ్చడి వేయించుకున్నారు.

తిరుగుప్రయాణంలో నేను కంప్యూటరుకు అడుగుల లెక్క నేర్పాను. అది రెండు మీటలు నొక్కే పని. పెద్దాఫీసరు తాతను ముందు నిలబెట్టి గడ వేయమన్నారు, నన్ను తెర చదవమన్నారు. తాత "బారెడు" అంటే నేను "ఆరు" అనేదాన్ని. తాత "బారన్నర" అంటే తెర మీద తొమ్మిది. దాదాపు దారంతా ఇద్దరి మాటా ఒకటే అయింది. ఒకేఒకచోట తెర ఏడంటే, తాత గడ వేయకముందే ఐదడుగులే అన్నాడు. తరువాత గడ దించి, "ఏడే," అని ఒప్పుకుని, "మొన్నటి వరదకు తవ్వినట్టున్నది," అని గోదావరి మీద నేరం మోపాడు.

గడ వేస్తూ వేస్తూ ఆయన ఒక్కొక్క చోటు పేరు చెప్పాడు. ప్రతి మలుపుకూ, ప్రతి దిబ్బకూ, ప్రతి సుడికీ పేరుండేదని నాకు అంతవరకూ తెలియదు. పెళ్లిపడవ సుడి అట, గుర్రాల బండ అట, కోడలు అలిగిన రేవు అట. అవి కూడా పటం మీద ఎక్కించమన్నారు పెద్దాఫీసరు. ఎక్కించబోతే ఆ కంప్యూటరు ఏ పేరుకైనా ఆరు ఇంగ్లీషు అక్షరాలకు మించి చోటివ్వదు. కోడలు అలిగిన రేవు వట్టి కోడలు అయింది. గుర్రాల బండలో బండ పోయి గుర్రాలు మిగిలాయి. నేను చదివి వినిపిస్తే తాత, "కోడలు ఉన్నది, అలుగుడేది? అలగని కోడలుంటదా?" అని చాలాసేపు బాధపడ్డాడు.

లాంచీని తుక్కు చేయలేదు. పెద్దాఫీసరు రాసిన నివేదికలో నా అబద్ధం గురించి ఒక్క ముక్క లేదు. కొంతకాలానికి నా ఉద్యోగం ఖాయమైంది. ఆ నివేదిక పుణ్యమా అని వెదురు గడకు కూడా పరికరాల జాబితాలో ఒక నంబరు పడింది. దానిమీద తెల్లరంగుతో ఆ నంబరు రాయడానికి వచ్చిన గుమాస్తాను సరంగు తాత దగ్గరికి రానివ్వలేదు. రిటైరయ్యేదాకా నంబరు లేకుండానే వాడాడు. నేను మాత్రం ఆ రోజునుంచి ఏ పరికరం అంకె చెప్పినా, అది ఏ కొలతలో చెబుతోందని ఒకసారి, ఆ నేల ఎరిగినవాళ్లు ఏమంటున్నారని ఒకసారి అడగకుండా నమ్మలేదు. కాని "నువ్వేమంటవ్ బిడ్డా" అన్నప్పటి ఆయన చూపు, ఎన్నేళ్లయినా, నవ్వుల నడుమ ఒక ముల్లులా తగులుతూనే ఉంటుంది. క్షమించమని అడిగితే, "లాంచీ ఎక్కింది దిబ్బే గద, కొండ గాదు గద," అని కొట్టిపారేశాడు.

ఇప్పుడు ఆ లాంచీ లేదు, ఆ ఆఫీసూ అక్కడ లేదు. జనం రోడ్డు మీద పోతున్నారు, నదిని కిటికీలోంచి చూస్తున్నారు. దారి తెలుసుకోవడం ఎంత తేలికైందంటే, దారి ఎరిగిన మనిషి పక్కనే ఉన్నా అడిగే అవసరం లేదు. మంచిదే. ఆ తేలిక కోసమే కదా నేనూ అన్ని తీగలు కలిపాను. సరంగు తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన పోయిన తరువాత, ఆ పేర్లన్నీ పూర్తిగా తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసిపెడదామని కూర్చుంటే, ఆ పటం దాచిన పాత ఫ్లాపీలు బూజుపట్టి తెరుచుకోలేదు. అదృష్టవశాత్తూ అప్పట్లో తీసిన ఒక జాబితా కాగితం దొరికింది, ఆరేసి అక్షరాల చొప్పున ముప్పైకి పైగా పేర్లు. జ్ఞాపకం చేసుకుని ఒక్కొక్కదాన్నీ మళ్లీ నిండుగా రాశాను. సుడికి పెళ్లిపడవను ఇచ్చాను, కోడలికి అలకను ఇచ్చాను. ఒక మలుపు పేరు మాత్రం కుదరలేదు. పి, ఇ, డి, డి, ఎ, వి అని ఉంది. పెద్ద వాగో, పెద్ద వంకో, పెద్దవ్వ దిబ్బో. ఆ రోజు తాత గొంతు వినిపిస్తుంది, గడ నీళ్లలో దిగిన చప్పుడు వినిపిస్తుంది, ఆ పేరు చివర మాత్రం వినిపించదు. కూనవరం దారిలో ఎదురైన ముసలివాళ్లను ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాను. ఆ మలుపుకు పేరేమిటి, అక్కడ నీళ్లేగా ఉన్నాయి అన్నారు.